కారు ఇంజనునకు సింథటిక్ ఆయిలు: వారంటీ చెడకుండ ఎన్నుకొను విధము

మన పాఠశాల వార్షిక సంచికయందు కారు ఇంజనులో పోయు ఆయిలును గూర్చి వ్రాయుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని సాయంకాలము బడి విడుచు వేళ గేటు బయట నిలిచి తల్లిదండ్రుల సంభాషణములను వినినవారికి ఇది వింత కాదు. ఈ హోసూరు పట్టణమున మన తెలుగు కుటుంబములలో అప్పు చేసి కారు కొన్నవారు కలరు. వారిలో కొందఱికి ఆ కారే జీవనాధారము. “సింథటిక్ ఆయిలు పోయించినచో ఇంజను పదికాలములు మన్నునట, కాని వారంటీ పోవునట” అను మాట ఆ గుంపులో మేము పలుమాఱు వింటిమి. ఇందు సగము నిజము, సగము భయము. ఆ రెంటిని వేఱుపఱచుటకే ఈ వ్యాసము.

ముందు మా సొంత కథ చెప్పుకొనెదము. కొన్నియేండ్ల క్రిందట మేమొక డీజిలు కారు కొంటిమి. మొదటి రెండు సర్వీసులు కంపెనీవారి అధీకృత సర్వీసు సెంటరులోనే చేయించితిమి. మూడవ మాఱు దూరప్రయాణములో నుండగా గడువు ముగియుచుండుటచే, దారిలోని ఒక మెకానిక్కుచే ఆయిలు మార్పించితిమి. పోయించినది కంపెనీ పుస్తకమున చెప్పిన రకమే. డబ్బా సీలు మా యెదుటనే తీసిరి. డబ్బు చెల్లించి, రసీదు అడుగక బయలుదేఱితిమి. ఎనిమిది నెలలకు టర్బోఛార్జరు చెడినది. వారంటీ గడువు ఇంకను మిగిలియున్నది. సర్వీసు సెంటరువారు మొట్టమొదట అడిగినది, “మూడవ సర్వీసు బిల్లు ఏది?” అని. మాయొద్ద లేదు. మంచి ఆయిలే పోయించితిమని మేము చెప్పుటయే గాని, దానికి సాక్ష్యమేది? పిల్లల ఫీజుకై దాచిన సొమ్ము ఆ నెల ఆ యంత్రభాగమునకు పోయినది.

వారంటీ యనగా, తయారీలో జరిగిన లోపమునకు కంపెనీ వహించు బాధ్యత. తగని ఆయిలు పోయుటవలన గాని, ఆయిలు ఎండిపోవుటవలన గాని కలిగిన నష్టము దానిలో చేరదు. కావున ఆయిలు సింథటిక్కా, ఖనిజ తైలమా అనుదాని కంటె, కారుతో వచ్చిన పుస్తకములో విధించిన లక్షణములు ఆ డబ్బాలోని ఆయిలునకు ఉన్నవా లేవా యనునదే వారంటీకి ముఖ్యము. నేటి పెట్రోలు కార్లలో పెక్కింటికి 0డబ్ల్యు-20 వంటి పలుచని ఆయిలు విధింపబడుచున్నది. అట్టిదానిని సాధారణ ఖనిజ తైలముతో చేయుట కష్టము. అనగా సింథటిక్కునకు జంకు యజమాని కారులో, ఫ్యాక్టరీనుండి వచ్చిననాడే సింథటిక్కు ఉండియుండవచ్చును!

సింథటిక్ అను పేరును నమ్ముట కూడ తగదు. మూల తైలములను ఐదు తరగతులుగా విభజింతురు. నాల్గవ తరగతిది రసాయనశాలలో అణువులను కూర్చి చేసినది. మూడవ తరగతిది భూమినుండి వచ్చిన నూనెయే. హైడ్రోజనుతో మిక్కిలి శుద్ధిచేయబడినది. దీనిని సింథటిక్కని పిలువవచ్చునా యని అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ కంపెనీల నడుమ వివాదము రాగా, 1999లో అచటి ప్రకటనల పరిశీలక మండలి పిలువవచ్చునని తేల్చినది. నాటినుండి డబ్బామీది ఆ పేరు ఒక కొలమానము కాకపోయినది. మూడవ తరగతి ఆయిలు చెడ్డదని మా భావము కాదు. అది చక్కగానే పనిచేయును.

మఱి దేనిని చూడవలెను? మొదట చిక్కదనపు అంకెలు. 5డబ్ల్యు-30 అనునప్పుడు ‘డబ్ల్యు’ శీతకాలమునకు గుర్తు. దాని ముందటి అంకె ఎంత చిన్నదైన, చలిలో ఆయిలు అంత సులువుగా పాఱును. వెనుకటి అంకె ఇంజను వేడెక్కినప్పటి చిక్కదనమును తెలుపును. “మన దేశపు ఎండలకు చిక్కనిదే మేలు” అని 20డబ్ల్యు-50 పోయు మేస్త్రీలు నేటికిని కలరు. పాత ఇంజనులకు ఆ సలహా చెల్లెను. క్రొత్త ఇంజనులలో ఆయిలు పోవు దారులు సన్ననివి. కవాటముల కాలమును మార్చు యంత్రము సైతము ఆయిలు ఒత్తిడిచేతనే నడచును. పుస్తకము 0డబ్ల్యు-20 అన్నచో అదియే పోయవలెను. రెండు మూడు రకములను అనుమతించినచో వానిలోనుండియే ఎన్నుకొనవలెను.

తరువాత చూడవలసినది నాణ్యతా గుర్తు. అమెరికన్ పెట్రోలియం సంస్థ, అనగా ఏ.పి.ఐ., పెట్రోలు ఇంజనుల ఆయిలునకు ‘ఎస్’ అక్షరముతో మొదలగు తరగతులను ఇచ్చును: 2010లో ఎస్.ఎన్., 2020లో ఎస్.పి., 2025లో ఎస్.క్యు. వచ్చినవి. పాత తరగతి అడిగిన కారునకు, చిక్కదనము సరిపోయినచో, క్రొత్త తరగతిది పోయవచ్చును. క్రొత్తది అడిగిన కారునకు పాతది పనికిరాదు. కొన్ని ఐరోపా కంపెనీలు తమ సొంత ఆమోదమును కోరును. వోక్స్‌వాగెన్ వారి 508 00 అట్టిది. ఇచట ఒక మెలిక కలదు. డబ్బామీద “ఆమోదము పొందినది” అనుట వేఱు, “అట్టి కార్లకు తగినది” అనుట వేఱు. రెండవది ఆయిలు అమ్మువాని మాట మాత్రమే.

ఈ పుస్తకములు సాధారణముగా ఆంగ్లమున నుండును. తెలుగు మాత్రమే చదువనేర్చిన తండ్రి, ఎనిమిదవ తరగతి చదువు కుమార్తెచే ఆ పుట చదివించుకొనుటలో చిన్నతనము లేదు. మా ఇంట ఇప్పుడు అట్లే జరుగుచున్నది.

డీజిలు కార్ల సంగతి కొంత విపులముగా చెప్పవలసియున్నది. 2020 ఏప్రిలు 1నుండి మన దేశమున భారత్ స్టేజి-6 నియమములు అమలులోనికి వచ్చిన పిమ్మట, డీజిలు కార్ల పొగగొట్టములో మసిని పట్టు వడపోత అమర్పబడుచున్నది. పట్టిన మసిని ఆ యంత్రమే అప్పుడప్పుడు కాల్చివేయును. కాని ఇంజనులో కొద్దికొద్దిగా కాలు ఆయిలులోని కాల్షియము, జింకు వంటి ద్రవ్యముల బూడిద మాత్రము ఎంత కాల్చినను పోదు, వడపోతలో పేరుకొనును. అందుచేత ఇట్టి కార్లకు బూడిద తక్కువగల ఆయిలును విధింతురు. ఐరోపావారి సి3 తరగతిలో ఆ బూడిద 0.8 శాతమునకు మించరాదు. ఏ3/బి4 తరగతిలో 1.6 శాతము వఱకు ఉండవచ్చును. ఈ రెండవది ఎంత ఖరీదైన సింథటిక్ అయినను, సి3 కోరిన కారునకు అపకారియే. ఎక్కువ ధర పెట్టి వారంటీని పోగొట్టుకొనుట ఇట్లే జరుగును.

సింథటిక్ ఎక్కువ కాలము మన్నును గదా యని గడువు పొడిగింపరాదు. పుస్తకము 10,000 కిలోమీటర్లు లేక ఒక సంవత్సరము, ఏది ముందైన అది, అన్నచో సింథటిక్కునకును అదియే గడువు. ఆయిలులో కలుపుమని అంగళ్లలో అమ్ము సీసాల మందులను దూరముగా నుంచుట మేలు.

ఇక చట్టము మాట. 2014 ఆగస్టు 25న భారత కాంపిటీషన్ కమిషను 14 కార్ల కంపెనీలపై ఒక ఉత్తరువు నిచ్చినది. బయటి మెకానిక్కుచే పని చేయించిన మాత్రమున వారంటీ మొత్తము రద్దగునను నియమము పెట్టరాదనియు, ఆ పనిలోని లోపముచే కలిగిన నష్టము మేరకే వారంటీని నిరాకరింపవచ్చుననియు అందు చెప్పబడినది. కంపెనీలలో కొన్ని దీనిపై అప్పీళ్లకు పోయినవి. కావున ఆ ఉత్తరువునే నమ్ముకొని రసీదులను పాఱవేయుట వివేకము కాదు. బిడ్డలు అమెరికాలో నున్నవారు వారికి ఒక మాట తెలుపవచ్చును: అచటి 1975నాటి మాగ్నుసన్-మాస్ చట్టము ప్రకారము, ఫలానా బ్రాండు ఆయిలే వాడవలెనని వారంటీకి షరతు పెట్టరాదు, ఉచితముగా ఇచ్చినను, ప్రభుత్వ సంస్థ ప్రత్యేకముగా అనుమతించినను తప్ప.

బిల్లుపై తేదీ, కారు నంబరు, కిలోమీటర్ల లెక్క, ఆయిలు పేరు, అంకెలు, తరగతి, ఎన్ని లీటర్లు, ఫిల్టరు మార్చిరా లేదా అను వివరము లన్నియు ఉండవలెను. ఉత్త “ఆయిలు సర్వీసు” అని వ్రాసిన చీటీ చాలదు. డబ్బామీది బ్యాచి నంబరును ఫోనులో ఫొటో తీసికొని, ఖాళీ డబ్బాను నకిలీ వ్యాపారుల చేత పడకుండ కోసి పాఱవేయవలెను. సర్వీసు సెంటరులోనే పుస్తకమునకు తగిన సింథటిక్ దొరకినచో, వారంటీ ఉన్నంతకాలము అచటనే పోయించుట సులభము. పైకము కొంత ఎక్కువైనను తగవు ఉండదు.

వారంటీ నిరాకరించినచో, ఆయిలువలననే నష్టము కలిగినదని ఏ పరీక్షచే తేల్చిరో వ్రాతమూలకముగా ఇమ్మని అడుగవలెను. నోటిమాటతో వెనుదిరుగరాదు. పిమ్మట జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 నంబరున ఫోను చేయవచ్చును. 2019నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, కారు ఎచట కొన్నను, తాము నివసించు జిల్లాలోని కమిషనునందే ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. మన ఊరివారికి అది కృష్ణగిరి.