ఓపానా గట్టుపై ఏబదిమూడు నిమిషములు

1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణము, కాకినాడ రేవులపై జపాను విమానములు బాంబులు వేసినవి. ఆ భయమునకు ఇండ్లు విడిచి పల్లెలు చేరిన కుటుంబముల కథలను మా తరమువారము పెద్దల నోట వింటిమి. ఆకసమునుండి ఆపద వచ్చుచున్నదని ముందుగా తెలిసినచో ఎంత మేలు! కాని కంట బడియు, మాట అందియు, మనసున కెక్కకపోయినచో ఏమగును? ఇందుకు నిదర్శనము అంతకు నాలుగు మాసముల ముందే హవాయి దీవులలో కానవచ్చినది.

ఆ దీవులలో ఓవాహు ఒకటి. పెరల్ హార్బరు నౌకాశ్రయము దానికి దక్షిణపు వైపున నున్నది. ఉత్తరపు కొన సమీపమున, సముద్రమునకు సుమారు 530 అడుగుల ఎత్తున, ఓపానా అను గట్టు కలదు. 1941 నవంబరు చివర అమెరికా సైన్యము అచట నొక రాడారు యంత్రమును నిలిపెను. కొండ యెదుట నిలిచి కేకవేసిన బాలునకు మారుకేక వినబడునట్లే, ఈ యంత్రము పంపిన రేడియో తరంగము విమానమునకు తగిలి మరలివచ్చును. పోయివచ్చుటకు పట్టిన కాలమును బట్టి దూరము తెలియును. 132 మైళ్ల దూరము పోయి తిరిగివచ్చుటకు ఆ తరంగమునకు సెకనులో రమారమి ఏడువందలవ వంతు చాలును. అట్టి సూక్ష్మకాలమును కొలువగల సాధనము మానవుని చేతికి వచ్చినది. దాని మాటను విని తూచవలసిన యేర్పాటు మాత్రము ఇంకను కుదురుకొనలేదు.

ఉదయము 4 మొదలు 7 గంటల వరకే యంత్రము నడుపవలెనని ఉత్తరువు. డిసెంబరు 7, ఆదివారము. కాపలా యున్నవారు ఇరువురు యువకులు: పందొమ్మిదేండ్ల జోసెఫ్ లాకార్డు, ఆ పనికి క్రొత్తయైన జార్జి ఎలియట్. ఏడు గంటలైనది. ఫలహారమునకు తీసికొనిపోవలసిన లారీ రాలేదు. ఎలియట్ కొంత అభ్యాసము చేయునుగాక యని యంత్రమును ఆపక యుంచిరి. 7 గంటల 2 నిమిషములకు తెరపై పెద్ద గుర్తు లేచెను. అంత పెద్దదానిని చూచి, యంత్రమే చెడినదేమో యని లాకార్డు శంకించెను. చెడలేదు. ఉత్తరమున 130 మైళ్లకు పైబడిన దూరమున విమానముల గుంపు వచ్చుచున్నది. కబురు చేయుదమని పట్టుబట్టినవాడు క్రొత్తవాడగు ఎలియట్. పాఠశాలలలో పనిచేయు మనకిది వింత గాదు.

సమాచార కేంద్రమున గుర్తులు పెట్టువారందరు ఏడు గంటలకే వెడలిపోయిరి. మిగిలినవారు టెలిఫోను చూచు నొక సైనికుడు, కెర్మిట్ టైలరను యువ అధికారి. టైలరునకు ఆ కొలువు అది రెండవ దినము మాత్రమే. ఆ తెల్లవారుజామున పనికి వచ్చుచు, కారు రేడియోలో ఆయన హవాయి పాటలు వినెను. ప్రధాన భూభాగమునుండి బాంబరు విమానములు వచ్చు రాత్రులందు, దారి గుర్తుగా నుండుటకై ఆ స్టేషను తెల్లవార్లు పాడుచుండునని మిత్రుడొకడు లోగడ చెప్పియుండెను. ఆ ఊహ నిజమే. పండ్రెండు అమెరికను విమానములు ఆ ఉదయము కాలిఫోర్నియానుండి రావలసియే యున్నవి, వచ్చినవి కూడ. కనుక టైలరు, దానిని గూర్చి చింతింప నక్కరలేదని చెప్పెను. ఆ పాటలనే పట్టుకొని జపాను వైమానికులును తమ దారి సరిచూచుకొనుచుండిరని ఆయన యెట్లెరుగును!

తానెన్నడును చూడనంత పెద్ద గుంపని లాకార్డు చెప్పెను గాని, విమానములు ఏబదికి మించవచ్చునన్న మాట చెప్పలేదు. టైలరు అడుగలేదు. నిజమునకు మొదటి విడత విమానములు 183. ఇరువురు యువకులు పటముపై గుర్తులు పెట్టుచునే యుండిరి. 7 గంటల 39 నిమిషములకు, ఇక ఇరువది మైళ్లున్నవనగా, కొండల ప్రతిధ్వనులలో ఆ గుర్తు కలిసిపోయెను. 7 గంటల 55 నిమిషముల ప్రాంతమున నౌకాశ్రయముపై బాంబులు పడినవి. ఆనాడు మరణించిన అమెరికనులు 2,403 మంది.

దోషమంతయు టైలరుపై మోపినవారు కలరు. విచారణలు జరిగినను ఆయనకు శిక్ష పడలేదు. నాకును అదియే న్యాయమని తోచును. అంతకు ముందటి యేడు, 1940లో, ఇంగ్లండు తీరపు రాడారు కేంద్రములు జర్మను విమానములను కనిపెట్టినపుడు, ఆ వార్తలను ఒకచోట చేర్చి, వడగట్టి, యోధులకు అందించుటకై ప్రత్యేకముగ గదులు, సుశిక్షితులగు మనుష్యులు ఉండిరి. టైలరు కట్టెదుట నున్నవి ఖాళీ కుర్చీలు.

ఓపానా పటము ఆ ఉదయము మరొక మాటయు చెప్పినది. దాడి ముగించి విమానములు ఉత్తరముగ మరలిపోవుటను సైతము అందు గుర్తించిరి. ఆ కబురు నౌకాదళమునకు సకాలమున చేరలేదు. శత్రునౌకలను వెదకబోయినవారు చాలవరకు దక్షిణముగ పోయిరి.