మధుమేహం, దాంపత్యం: నాకు జరిగిన ఒక శస్త్రచికిత్స

మధుమేహ రోగికి కంటిపొరను పరీక్షిస్తారు. మూత్రంలో మాంసకృత్తులు పోతున్నాయేమో చూస్తారు. అరికాలికి స్పర్శ ఉన్నదా అని సన్నని తీగతో తాకి చూస్తారు. దాంపత్య జీవితం ఎలా ఉన్నదని అడిగే వైద్యులు అరుదు. అడిగినా నోరు విప్పి చెప్పే రోగులు మరీ అరుదు. ఈ పత్రికను ఇంటిల్లిపాదీ చదువుతారని ఎరిగే, నా భార్య అనుమతితోనే ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

మాది చోడవరం. తెలుగు పండితునిగా ఉద్యోగ విరమణ చేశాను. ఒక పక్క గోవాడ చక్కెర కర్మాగారం, మరొక పక్క అనకాపల్లి బెల్లం మార్కెట్టు. ఈ రెంటి నడుమ పుట్టి పెరిగినవాడికి మధుమేహం రావడం విధి పరిహాసమే అనుకోవాలి. నలభై మూడవ ఏట వచ్చిన ఆ వ్యాధి పన్నెండేళ్ళు గడిచేసరికి అంగస్తంభనను పూర్తిగా హరించింది. 2019లో, నా అరవై ఒకటవ ఏట, విశాఖపట్నంలో కృత్రిమ స్తంభన పరికరాన్ని అమర్చే శస్త్రచికిత్స చేయించుకున్నాను. (అప్పటికి మా ఊరు విశాఖ జిల్లాలోనే ఉండేది, 2022 ఏప్రిల్ 4 నుండి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది.)

ఆయుర్వేద పత్రికలో శస్త్రచికిత్స ప్రస్తావన ఏమిటని కొందరు పాఠకులు సందేహించవచ్చు. నన్ను శస్త్రవైద్యుని వద్దకు పంపినది మా ఊరి ఆయుర్వేద వైద్యులే. చరక సంహిత చికిత్సాస్థానంలో రెండవ అధ్యాయం వాజీకరణం. ముప్పయ్యవ అధ్యాయంలో క్లైబ్యాన్ని బీజదోషం వల్ల, ధ్వజోపఘాతం వల్ల, వార్ధక్యం వల్ల, శుక్రక్షయం వల్ల కలిగేదిగా నాలుగు విధాలుగా విభజించారు. సుశ్రుతుడైతే పుట్టుకతో వచ్చిన క్లైబ్యాన్నీ, మర్మస్థానం తెగడం వల్ల వచ్చినదాన్నీ అసాధ్యాలని తేల్చి చెప్పాడు. అంటే ఏ స్థితికి మందు పనిచేస్తుందో, ఏ స్థితికి పనిచేయదో మన పూర్వులు ఎరుగుదురు. వారి పేరు చెప్పుకొని డబ్బాలు అమ్మేవారే ఎరగనట్లు నటిస్తున్నారు.

మా వైద్యులుగారు నాడి చూసి, రక్తపరీక్ష కాగితాలు చూసి, ఇలా అన్నారు: "మాస్టారూ, అశ్వగంధ ఇస్తాను, నిద్ర పడుతుంది, కాస్త సత్తువ వస్తుంది. కానీ పై నుంచి నీరే రాని కాలువకు తూము ఎత్తితే ఏం లాభం? మీకు నాళాలే పూడుకుపోతున్నాయి. విశాఖ వెళ్ళండి. ముందు గుండె చూపించుకోండి."

గుండె ఎందుకన్నారో తరువాత తెలిసింది. పురుషాంగానికి రక్తాన్ని తెచ్చే ధమనుల వ్యాసం ఒకటి రెండు మిల్లీమీటర్లు. గుండెకు రక్తాన్నిచ్చే ధమనులది మూడు నాలుగు మిల్లీమీటర్లు. కొవ్వు పేరుకొనడం మొదలైతే సన్నని గొట్టమే ముందు పూడుతుంది. కనుక మధుమేహం, రక్తపోటు, పొగత్రాగుడు ఉన్న మగవానికి స్తంభనలోపం కొన్ని సందర్భాలలో గుండెజబ్బుకు కొన్నేళ్ళ ముందుగా వచ్చే హెచ్చరిక. "నరాల బలహీనత" అని గోడల మీద వ్రాసే ప్రకటనలు ఈ సంగతి చెప్పవు. అటువంటి ప్రకటనలను నిషేధిస్తూ 1954లోనే మన దేశంలో చట్టం వచ్చింది, గోడలు మాత్రం ఖాళీగా లేవు. మూలికా చూర్ణమని అమ్మే వాటిలో సిల్డెనాఫిల్ అనే ఇంగ్లీషు మందును రహస్యంగా కలపడం అనేక దేశాలలో పరీక్షలలో బయటపడింది. గుండెనొప్పికి నాలుక క్రింద నైట్రేటు మాత్ర పెట్టుకొనేవారు అటువంటి చూర్ణం సేవిస్తే రక్తపోటు హఠాత్తుగా పడిపోయి ప్రాణాపాయం కలుగుతుంది.

శస్త్రచికిత్సకు ముందు

అమర్చే పరికరం మొదటి మెట్టు కాదు, చివరి మెట్టు. నాకు తొలుత మాత్రలు ఇచ్చారు, పనిచేయలేదు. గాలిని తీసివేసి రక్తాన్ని లాగే గొట్టం వాడాము. ఇద్దరికీ విసుగు పుట్టింది. అంగంలోకి సూదిమందు ఇవ్వడం 1980ల ఆరంభంలో ఫ్రాన్సులో విరాగ్, ఇంగ్లండులో బ్రిండ్లీ అనే వైద్యుల వల్ల ప్రచారంలోకి వచ్చిన పద్ధతి. అదీ నా విషయంలో అరకొరగానే పనిచేసింది. ఇవన్నీ అయిన తరువాతే శస్త్రవైద్యులు మమ్మల్ని ఇద్దరినీ కూర్చోబెట్టి కాగితం మీద బొమ్మ గీశారు.

పరికరాలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది వంచదగిన కడ్డీల జత: ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది, కావలసినప్పుడు పైకి, లేనప్పుడు క్రిందికి వంచుకోవాలి. ధర తక్కువ, చెడిపోవడానికి అందులో యంత్రమేమీ లేదు. ముంబయికి చెందిన డాక్టర్ రూపిన్ షా మన దేశీయులకు అందుబాటు ధరలో రూపొందించిన కడ్డీలు ఈ కోవలోవే. రెండవది నీటితో నిండేది. 1973లో అమెరికాలో బ్రాంట్లీ స్కాట్, ఆయన సహచరులు వెలువరించిన ఆవిష్కరణ. ఇందులో రెండు గొట్టాలు అంగంలోని రెండు స్తంభన కోశాలలోనూ, ఉప్పునీటి తిత్తి పొత్తికడుపులోనూ, చిన్న పంపు వృషణాల సంచిలోనూ ఉంటాయి. పంపు నొక్కితే తిత్తిలోని నీరు గొట్టాలలోకి వెళుతుంది. మీట నొక్కితే వెనుకకు మరలుతుంది. బయటికి ఏమీ కనబడదు. ధర మాత్రం లక్షలలో ఉంటుంది. పదవీ విరమణ సొమ్ములో కొంత నేను దీనికి వెచ్చించాను. చేతివ్రేళ్ళలో పట్టు లేనివారికి, వణుకుడు ఉన్నవారికి కడ్డీలే మేలని వైద్యులు చెప్పారు.

మా ఆవిడ మొదట ఒప్పుకోలేదు. "ఏమండీ, నేనెప్పుడైనా అడిగానా? చక్కెర ఉన్న ఒంటికి కత్తి పెట్టించుకుంటారా?" అన్నది. వైద్యుని ముందు మాత్రం నాకు తోచని రెండు ప్రశ్నలు ఆమే వేసింది: అది పాడైతే ఏమిటి? చీము పడితే ఏమిటి? పది, పదిహేనేళ్ళు పనిచేయవచ్చుననీ, పాడైతే మళ్ళీ శస్త్రచికిత్సతో మార్చాలనీ ఆయన చెప్పారు. చీము పట్టడం ఈనాటి సూక్ష్మజీవినాశక పూత ఉన్న పరికరాలతో నూటికి ఒకరి నుండి ముగ్గురి వరకు జరుగుతుంది. పడితే చాలాసార్లు పరికరం మొత్తాన్ని తీసివేయాలి. ఇంకొక మాట కూడా ఆయన దాచలేదు. గొట్టాలు అమర్చిన తరువాత సహజ స్తంభనకు ఆధారమైన కణజాలం మిగలదు; వెనుకకు మరలే దారి లేదు.

ఆవిడ ఇంటికి వచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. మూడవ రోజు, "మూడు నెలలు చక్కెర అదుపులోకి తెండి, అప్పుడు చూద్దాం" అన్నది. మా ప్రాంతంలో పులుసులో బెల్లం పడనిదే వంట పూర్తి కాదు. ఆ మూడు నెలలు మా ఇంట బెల్లం డబ్బా అటక ఎక్కింది. మధ్యాహ్నం అన్నం సగానికి తగ్గి, కూర రెట్టింపయింది. చోడి అంబలి సైతం కొలిచి గ్లాసుడే. పొద్దున, సాయంత్రం నడక. మూడు నెలల సగటు చక్కెర సూచిక 9.4 నుండి 7.3కు దిగింది. అప్పుడు ఆమే బయలుదేరదీసింది.

మొదటి ఆరు వారాలు

నడుములో మత్తుసూది ఇచ్చి గంటకు పైగా శస్త్రచికిత్స చేశారు. గాటు అంగానికీ వృషణాల సంచికీ మధ్య, రెండంగుళాలు కూడా లేదు. మూత్రపు గొట్టాన్ని మరునాడు ఉదయం తీసివేశారు. రెండు రాత్రులుండి ఇంటికి వచ్చాము. చోడవరం చేరే యాభై కిలోమీటర్ల దారిలో ఎన్ని గోతులున్నాయో ఆనాడు లెక్క తెలిసింది.

మొదటి వారం నొప్పి బాగానే ఉంటుంది. లేదని చెప్పేవారిని నమ్మకండి. సంచి బత్తాయిపండంత వాచి, నేరేడుపండు రంగుకు తిరిగింది. పలుచని గుడ్డలో మంచు చుట్టి పావుగంట చొప్పున పెట్టుకొనేవాడిని. బిగువైన లోదుస్తుతో అంగాన్ని పొట్టవైపుకు నిలిపి ఉంచమన్నారు. లేకుంటే క్రిందికి వంగిన తీరులోనే మానిపోతుందట. పైన వదులుగా పంచె. బరువులెత్తడం, సైకిలు, స్కూటరు ఆరు వారాల పాటు నిషిద్ధం.

గృహవైద్యం విషయంలో మా వైద్యులుగారూ, శస్త్రవైద్యులూ ఒకే మాట మీద ఉన్నారు. అశ్వగంధ, వెల్లుల్లి గుళికల వంటివి శస్త్రచికిత్సకు రెండు వారాల ముందే ఆపించారు. అవి రక్తస్రావాన్ని పెంచవచ్చు, మత్తుమందుతో కలిసి చిక్కు తేవచ్చు. గాయం మీద పసుపు గాని, ఆకుపసరు గాని, తైలం గాని తాకించకూడదు. శరీరంలో పరాయి వస్తువు ఉన్నప్పుడు పైనుండి చేరే ఒక్క సూక్ష్మజీవి చాలు. ఇంటి చిట్కా అక్కరకు వచ్చినది మలబద్ధకానికి. నొప్పి మాత్రలు మలాన్ని బిగిస్తాయి. ముక్కితే గాయం దగ్గర ప్రాణం పోయినట్లుంటుంది. రాత్రి పడుకోబోయే ముందు రెండు చెంచాల ఇసబ్‌గోలు నిండు గ్లాసు నీటితో తీసుకొన్నాను. రెండవ వారం నుండి వైద్యుని అడిగి త్రిఫల చూర్ణం చేర్చాను. పథ్యం పేరుతో బంధువులు పప్పు వద్దన్నారు, చీము పడుతుందని. గాయం మానడానికి మాంసకృత్తులే కావాలి. కందిపప్పు, పెసరకట్టు, మజ్జిగ మానలేదు.

పరామర్శకు వచ్చేవారికి "వరిబీజం ఆపరేషన్" అని చెప్పాము. దానివల్ల మా వీధిలో వరిబీజం గురించి నాకు అందిన సలహాలతో ఒక చిన్న పుస్తకం వేయవచ్చు.

తొమ్మిదవ నాడు సంచి ఒక పక్క మళ్ళీ ఉబ్బింది, తాకితే వెచ్చగా ఉన్నది. ఆ రాత్రి ఇద్దరమూ నిద్రపోలేదు. లక్షల సొమ్ము మాట అటుంచి, ఇంతా చేసి పరికరం తీసివేస్తారేమోనన్న దిగులు. తెల్లవారగానే కారు మాట్లాడుకొని విశాఖ వెళ్ళాము. వైద్యులు పరీక్షించి, లోపల చేరిన రక్తమే, క్రమంగా ఇంకిపోతుందన్నారు. జ్వరం, గాటు నుండి రసి కారడం, ఎరుపు వ్యాపించడం, పంపు మీది చర్మం పంపుకు అతుక్కుపోవడం, తగ్గవలసిన నొప్పి రోజురోజుకూ పెరగడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా గంట కూడా ఆలస్యం చేయరాదని చెప్పి, మా ఆవిడ చేత ఆ అయిదింటినీ తిరిగి చెప్పించుకున్నారు.

పంపు నేర్చుకొనడం

రెండవ వారం చివరి నుండి రోజూ గోరువెచ్చని నీటి స్నానం తరువాత పంపును చేతితో మెల్లగా క్రిందికి లాగుతుండాలి. అలా చేయకపోతే అది పైకి జరిగి అక్కడే స్థిరపడి, తరువాత చేతికి అందదు. పెద్ద రేగిపండంత ఉంటుంది.

ఆరవ వారంలో వైద్యుని గదిలో మొదటిసారి నొక్కాను. పంపు జారిపోయింది. రెండవసారీ అంతే. ఎడమచేతితో పంపును పైనుండి పట్టి నిలిపి, కుడిచేతి బొటనవ్రేలు, చూపుడువ్రేలితో గట్టిగా నొక్కి, మళ్ళీ ఉబ్బేవరకు ఆగి, మరల నొక్కాలి. మొదటి నొక్కు చాలా బిగువు. అది దాటితే తేలిక. పదిహేను నొక్కులకు గట్టిపడింది. లోపలి నుండి లాగుతున్నట్లు నొప్పి కలిగింది. దించడం ఇంకా కష్టం: మీటను నొక్కిపట్టి, అంగాన్ని అరచేతితో అదిమి, నీరు వెనుకకు పోయేవరకు ఓపిక పట్టాలి. నాలుగవ ప్రయత్నానికి గాని రాలేదు. "మా పాత చేతిపంపు కంటే ఇదే నయమండీ, దీనికి నీళ్ళు పోయనక్కరలేదు" అన్నాను. వైద్యులు నవ్వి, బయట కూర్చున్న మా ఆవిడను లోపలికి పిలిచి ఆమెకూ చూపించారు. నాకు వ్రేళ్ళ పట్టు తప్పిన రోజున ఆమెకు తెలిసి ఉండాలి కదా.

తరువాత నెల రోజులు అభ్యాసం. పూటకొకసారి నింపి, పది పదిహేను నిమిషాలుంచి, దించాలి. గొట్టాల చుట్టూ కట్టుకొనే పొర బిగుసుకుపోకుండా ఇది అవసరం. మా ఇంట్లో అందుకు స్నానాలగది ఒక్కటే చోటు; బయటినుండి మనుమడు తలుపు కొడుతుండేవాడు. మూడవ వారానికి చూడకుండానే మీట దొరికింది.

ఎనిమిదవ వారం తరువాతి సంగతి దంపతులది. తెలుసుకోదగినవి మాత్రం చెబుతాను. స్పర్శ, స్ఖలనం, మూత్రవిసర్జన ముందు ఎలా ఉన్నవో అలాగే ఉన్నాయి. పొడవు పెరగదు, పూర్వం కంటే కాస్త తగ్గినట్లే అనిపిస్తుంది. అంగం కొన ముందువలె నిండదు. కోరికను పంపు పుట్టించదు. తొలి నెలలలో నడుస్తుంటే కొంత దానంతటదే నిండేది, దించుకొనేవాడిని.

ఒక రాత్రి మా ఆవిడ అన్నది: "ఇన్నాళ్ళూ మీరు గోడవైపు తిరిగి పడుకుంటుంటే, నా మీద మనసు విరిగిందనుకున్నానండీ." ముప్పయ్యారేళ్ళ కాపురంలో ఆ మాట ఆమె నోట అదే మొదలు.

పరికరం వివరాలున్న చీటీ నా సంచిలోనే ఉంటుంది. ఎప్పుడైనా, ఏ ఆసుపత్రిలోనైనా మూత్రపు గొట్టం వేయవలసి వస్తే, పరికరం ఉన్నదని ముందే చెప్పి దానిని దించాలి. మూత్రనాళం దెబ్బతింటే క్రింది గొట్టానికి ముప్పు. పంటికి చీము పట్టినా, చర్మం మీద గడ్డ లేచినా తాత్సారం చేయకుండా చికిత్స చేయించుకోవాలి.

మా వైద్యులుగారు ఇంతవరకు ఇద్దరిని నా దగ్గరకు పంపారు. ఒకాయనకు మాత్రలే చాలినవి. రెండవ ఆయనను నేను గుండె పరీక్షకు పంపాను. ఆయనకు ముందు రక్తనాళంలో స్టెంటు వేయవలసి వచ్చింది. తక్కిన విషయం తరువాత చూద్దామన్నారు ఆయన భార్య.