నాయకత్వానికి ముందు ఊరు తెలియాలి

పరాయి దేశంలో సేవ చేయడానికి వెళ్లే యువబృందానికి టీమ్ లీడర్‌గా ఉండేవారి మీద రెండు బరువులు ఒకేసారి పడతాయి. ఆ దేశం తమకూ కొత్తే. అయినా ఇంటి మీద బెంగ పెట్టుకున్నవాళ్లకు, తిండి పడక నీరసించినవాళ్లకు ధైర్యం చెప్పాల్సింది వాళ్లే. బ్రిటన్ ప్రభుత్వ నిధులతో 2011లో మొదలైన ఇంటర్నేషనల్ సిటిజన్ సర్వీస్‌లో వాలంటీర్ల వయసు 18 నుంచి 25 ఏళ్లు, టీమ్ లీడర్లది 23 నుంచి 35 ఉండేది. అంటే ఇరవై మూడేళ్ల లీడర్ తనకన్నా పెద్దవాళ్లను కూడా నడపాల్సి వచ్చి ఉండవచ్చు. అలాంటప్పుడు తన జట్టును గట్టిగా పట్టుకుని దాని మధ్యే గడపాలనిపించడం సహజం. కానీ టీమ్ లీడర్ కుదురుకోవాల్సింది జట్టులో కాదు, ఊళ్లో. ఊళ్లో కుదురుకున్నాకే జట్టును కుదురుగా నడపగలరు.

మానవశాస్త్రవేత్త కలెర్వో ఓబెర్గ్ 1960లో కల్చర్ షాక్ గురించి రాసిన వ్యాసం ఈ మాటకు బలమిస్తుంది. కొత్త దేశంలో చిరాకు ముదిరినప్పుడు మనుషులు స్వదేశీయులతో గుంపు కట్టి, ఆతిథ్యమిచ్చిన దేశాన్ని తప్పుపడుతూ కూర్చుంటారని ఆయన గమనించారు. అక్కడి మనుషులతో పరిచయం పెంచుకోవడం, అందుకోసం వాళ్ల భాష నేర్చుకోవడమే ఆయన చెప్పిన మందు. మొదట మోజు, తర్వాత కుంగుబాటు, ఆపైన కోలుకోవడం అన్న ఆయన క్రమాన్ని మాత్రం యథాతథంగా నమ్మలేం. న్యూజిలాండ్‌లోని జపాన్ విద్యార్థులపై కొలీన్ వార్డ్ బృందం 1998లో ప్రచురించిన అధ్యయనంలో, అడుగుపెట్టిన తొలి రోజుల్లోనే మానసిక ఒత్తిడి అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది. టీమ్ లీడర్ విషయంలో ఇది చాలా ముఖ్యం. జట్టుకు ఆసరా బాగా కావలసిన రోజుల్లోనే లీడర్‌కూ ఆసరా కావాలి. ఆ ఆసరా అప్పుడే విమానం దిగిన జట్టు నుంచి ఎలా వస్తుంది? ఆ ఊరిలో పుట్టి పెరిగినవాళ్ల నుంచే రావాలి.

ఇంటర్నేషనల్ సిటిజన్ సర్వీస్ ఏర్పాటులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇక్కడే ఉంది. బ్రిటన్ నుంచి వచ్చిన వాలంటీర్లతో పాటు ఆ దేశపు యువతీయువకులూ జట్టులో ఉండేవారు. లీడర్లు కూడా ఇద్దరు: ఒకరు బ్రిటన్ నుంచి, ఇంకొకరు స్థానికులు. చాలాచోట్ల బస హోటల్లో కాదు, ఊళ్లోని ఇళ్లలో. టాంజానియా పల్లెలో అలాంటి ఇంట్లో ఉంటే మొదటి వారంలోనే ఎన్నో తెలిసొస్తాయి. పెద్దవాళ్లు ఎదురైతే చిన్నవాళ్లే ముందుగా, మర్యాదగా పలకరించాలి. ఆ పలకరింపు ముగియకుండా పని మాట ఎత్తకూడదు. ఉగాలిని కుడిచేత్తో ముద్ద చేసుకుని తినాలి. నీళ్లు ఎవరు మోస్తున్నారో, ఎంత దూరం నుంచి మోస్తున్నారో కళ్లముందే కనిపిస్తుంది. బడిలో మరుగుదొడ్డి కట్టించే జట్టుకు ఈ చివరి సంగతే అన్నిటికన్నా ముఖ్యం. చేతులు కడుక్కోమని పిల్లలకు చెప్పేముందు ఆ నీటి బిందె ఎవరి నెత్తిన వచ్చిందో తెలియకపోతే ఆ చెప్పడం ఎవరి చెవికీ ఎక్కదు. ఇవన్నీ స్థానిక లీడర్‌కు పుట్టుకతోనే తెలుసు. బయటి నుంచి వచ్చిన లీడర్ తొలి వారాల్లో ఆ వ్యక్తి వెనక నడిచి నేర్చుకుంటే హోదా తగ్గదు. ఊరి పెద్దల ముందు బయటి లీడర్ మాటకు విలువ వచ్చేది అలాగే.

ఈ పథకంలో సేవ గడువు పది పన్నెండు వారాలే; అంతలో ఎవరైనా ఏం కుదురుకుంటారన్న ఆక్షేపణ ఉంది. అది న్యాయమైనదే. 1969లో అనంతపురం వచ్చి 2009లో కన్నుమూసేదాకా ఆ జిల్లాకే అంకితమైన సామాజిక సేవకుడు విన్సెంట్ ఫెర్రర్‌తో వీళ్లను పోల్చలేం. అమెరికా పీస్ కోర్ సైతం రెండేళ్ల సేవకు ముందు దాదాపు మూడు నెలలు భాషకూ శిక్షణకూ కేటాయిస్తుంది. అయితే గడువు తక్కువన్నది నేర్చుకోవడాన్ని కుదించడానికి కారణం కాదు, చేసే పనిని కుదించుకోవడానికి కారణం. సామాజిక విమర్శకుడు ఇవాన్ ఇల్లిచ్ 1968లో మెక్సికోలో అమెరికన్ విద్యార్థి వాలంటీర్ల ముందు ఇంకా కటువుగా మాట్లాడారు: చూడటానికి రండి, చదువుకోవడానికి రండి, సాయం చేస్తామని మాత్రం రావద్దన్నారు. సాయం పూర్తిగా వద్దనడంతో నేను ఏకీభవించను; ఆ ఊరి యువత జట్టులో సగం ఉన్నచోట అది ఒకవైపు నుంచి కురిసే దయ కాదు. అయినా నేర్చుకోవడం ముందుండాలన్న ఆయన పట్టుదల సరైనదే.

లీడర్ ఊళ్లో మునిగిపోతే జట్టులో జబ్బుపడ్డవాళ్లను ఎవరు చూస్తారన్నది రెండో అభ్యంతరం. దగ్గరి ఆసుపత్రి ఎక్కడుందో, రాత్రివేళ బండి ఎవరింట్లో దొరుకుతుందో, ఎవరి మాట నమ్మాలో తెలిసిన లీడరే ఆ పని చేయగలరు. ఈ సంగతులు ఊళ్లో పరిచయాల వల్లే తెలుస్తాయి. పైగా బయటివాళ్లు ఉన్నట్టుండి వెళ్లిపోవాల్సి వస్తే మిగిలేదీ ఊరివాళ్లే. 2020 మార్చిలో కోవిడ్ వల్ల పీస్ కోర్ తన చరిత్రలో తొలిసారి దాదాపు 7,000 మంది వాలంటీర్లందరినీ వెనక్కి పిలిపించింది. మళ్లీ తొలి బృందం జాంబియా చేరింది 2022 మార్చిలో. ఆ రెండేళ్లూ పనులు సాగాయా ఆగాయా అన్నది ఊళ్లలో మిగిలిన స్థానికుల చేతుల్లోనే ఉంది. వాళ్లను మొదటి రోజు నుంచే సహ నాయకులుగా నిలబెట్టారా, లేక అనువాదానికి, దారి చూపడానికి మాత్రమే వాడుకున్నారా అని వాలంటీర్లను పంపే ప్రతి సంస్థనూ అడగాలి.