తమ్ముడికి లాగు కుడదాం రండి

పోయిన సంచికలో మన దివిసీమ నేస్తం వల అల్లడం గురించి రాసింది, చదివే ఉంటారు. ఈసారి నా వంతు వచ్చింది. నాకు బాగా తెలిసిన పని ఒక్కటే, కుట్టుపని. అందులోనూ మగపిల్లల లాగు కుట్టడం. "లాగు గురించి వ్యాసమా!" అని వెనక బెంచీ వాళ్ళు నవ్వుతారని తెలుసు. నవ్వండి. నవ్వుతూనే మీ లాగు వెనక కుట్టు ఎట్లా ఉందో ఒకసారి చేత్తో తడిమి చూసుకోండి.

లాగు అంటే నిక్కరే. మా నానమ్మ వాళ్ళు లాగు అంటారు, టౌన్లో నిక్కరంటారు, మరీ చిన్నదైతే చెడ్డీ. పేరు ఏదైనా చిరిగేది మాత్రం ఒకటే చోట.

మా వాళ్ళది ఏ.కొండూరు వైపు తండా. పని కోసం విజయవాడ వచ్చి కొండ మీద ఇంట్లో ఉంటున్నాం. మా యాడికి (మేము అమ్మని అట్లా పిలుస్తాం) సూది కొత్త కాదు. మా తండా ఆడవాళ్ళు అద్దాలు పెట్టి కాంచళి మీద చేసే పని మీరు చూసే ఉంటారు. కానీ లాగు కుట్టడం వేరు. కాంచళి కట్టుకున్నవాళ్ళు చెట్టెక్కరు, కాలవలో దూకరు, గోడ మీద జారరు. మా తమ్ముడు ఇవన్నీ చేస్తాడు.

2020 నుంచి కొన్నేళ్ళు ప్రభుత్వం బడిపిల్లలకు ఏటా మూడు జతల యూనిఫారం గుడ్డ ఇచ్చింది. కుట్టుకూలి తల్లుల ఖాతాలో వేసేది. మా ఇంట్లో రెండు జతలు కుట్టించారు. మూడో జత కుట్టుకూలి ఇంటి ఖర్చుల్లో కలిసిపోయింది, గుడ్డ పెట్టెలో ఉండిపోయింది. ఆ రెండు జతలు కూడా ఒకచోట తమ్ముణ్ణి నిలబెట్టి చూడకుండానే, "రెండో తరగతా? అయితే ఈ సైజు" అని కుట్టేశారు. దసరాకల్లా ఒకటి వెనక చిరిగింది. నేను సెలవులకి ఇంటికి పోయినప్పుడు వాడు ఆటకి పోకుండా గోడకి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. ఏంట్రా అంటే చెప్పడు. బడిలో బోర్డు దగ్గరికి రమ్మంటే కూడా పోవట్లేదంట. లెక్కలు వచ్చినవాడు, లేచి నిలబడితే వెనకవాళ్ళు చూస్తారని రాదన్నాడు. అప్పుడు పెట్టెలో ఉన్న మూడో జత గుడ్డ బయటికి తీశాను.

నా మొదటి లాగు కూడా చిరిగింది. ఆ సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే అసలు పాఠం అందులోనే ఉంది. పాత లాగు గుడ్డ మీద పరిచి, సుద్దతో చుట్టూ గీసి, ముందు ముక్కలూ వెనక ముక్కలూ ఒకేలా కత్తిరించాను. నిలబడితే బ్రహ్మాండంగా ఉంది. యాడి కూడా మెచ్చుకుంది. మధ్యాహ్నం అన్నం తిని పంపు దగ్గర కంచం కడుక్కోవడానికి గొంతుక్కూర్చున్నాడు. పర్రుమంది.

మా మెట్ల కింద మిషను పెట్టుకున్న టైలరు బాబాయి చూసి, "అమ్మాయ్, నువ్వు నిలబడే పిల్లాడికి కుట్టావు. వీడు ఎప్పుడన్నా నిలబడతాడా?" అన్నాడు. తర్వాత ఒక దారం ఇచ్చి కొలవమన్నాడు. మీరు కూడా చేసి చూడండి. వెనక నడుం దగ్గర దారం కొస పట్టుకుని, కాళ్ళ మధ్య నుంచి ముందుకు తెచ్చి ముందు నడుం దాకా కొలవాలి. నిలబడి ఒకసారి, గొంతుక్కూర్చుని ఒకసారి. మా తమ్ముడికి కూర్చున్నప్పుడు వెనక భాగం రెండంగుళాల పైనే పెరిగింది. ముందు వైపు మాత్రం గుడ్డ ముడతలు పడి ఇంకా మిగిలింది. మరి రెండు వైపులా ఒకే కొలత పెడితే వెనక్కి కావలసిన గుడ్డ ఎక్కడి నుంచి వచ్చిద్ది? కుట్టు తెంపుకుని వచ్చిద్ది. దారం మంచిది కాదనీ, పిల్లాడు అల్లరివాడనీ తిడతాం గానీ తప్పు కత్తెరది.

కొలతలు మూడు చాలు. సీటు చుట్టూ అంటే తుంటి దగ్గర లావుగా ఉండేచోట చుట్టుకొలత. పొడవు, అంటే నడుం నుంచి ఎక్కడిదాకా కావాలో అక్కడికి. మూడోది ముఖ్యం. పిల్లాణ్ణి గట్టి బల్ల మీద నిటారుగా కూర్చోబెట్టి నడుం నుంచి బల్ల దాకా పక్కగా టేపు పెట్టాలి. దీన్ని లోతు అనుకుందాం. మా వాడికి సీటు 24 అంగుళాలు, పొడవు 12, లోతు 7 వచ్చాయి. మీ తమ్ముడికి వేరేగా వస్తాయి, నావి వాడొద్దు!

ముక్కలు నాలుగు: ముందు రెండు, వెనక రెండు. సీటులో నాలుగో వంతు, అంటే 6, దానికి వదులు కోసం 1 కలిపితే 7. ఇది ఒక్కో ముక్క వెడల్పు. కుట్టుకి చుట్టూ అర అంగుళం వేరే వదలాలి. నడుం గీత నుంచి లోతు 7కి 1 కలిపి 8 అంగుళాల దగ్గర పంగ గీత గీయాలి. అక్కడ ముక్క లోపలి వైపుకి ముక్కులాగా పొడుచుకు రావాలి. ముందు ముక్కకి అంగుళంన్నర ముక్కు, వెనక ముక్కకి మూడు అంగుళాలు. నడుం నుంచి ఆ ముక్కు దాకా కొడవలి వంపులాగా గీత తిప్పాలి. ఇంకొకటి. వెనక ముక్క నడుం దగ్గర, మధ్య కుట్టు వచ్చే వైపు, ఒక అంగుళం పైకి లేపి పక్కకి ఏటవాలుగా దించాలి. కూర్చున్నప్పుడు నడుం జారి వెనక బయటపడకుండా కాపాడేది ఆ అంగుళమే. నేను మొదటిసారి చెయ్యనివి ఈ రెండే: పెద్ద ముక్కు, పైకి లేపడం.

కత్తెర పెట్టకముందు పాత న్యూస్‌పేపరు మీద గీసి కత్తిరించండి. పేపరు తప్పయితే చిత్తుబుట్టలోకి పోయిద్ది. గుడ్డ తప్పయితే యాడి ముఖం చూడాలి.

గుడ్డ సంగతి. కొత్త నూలు గుడ్డని ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరేసిన తర్వాతే కత్తిరించాలి. లేకపోతే లాగు మొదటి ఉతుకులోనే కుంచించుకుపోయిద్ది. ఒక మూల తడిపి తెల్ల గుడ్డతో రుద్దితే రంగు పోయేదీ లేనిదీ తెలుస్తుంది. పాలిస్టర్ ఎక్కువ కలిసిన గుడ్డ తొందరగా ఆరుతుంది, ముడత పడదు. కానీ మన కృష్ణా ఎండల్లో, ఉక్కలో చెమట పీల్చదు. తొడల మధ్య తడి అట్లాగే నిలిచిపోతే తామర వస్తుంది. అందుకే ఇంట్లో వేసుకునే లాగుకి నూలు గుడ్డే నయం. పన్నా 58 అంగుళాలు ఉంటే మా తమ్ముడంత పిల్లాడికి అర మీటరు సరిపోయింది. 36 అంగుళాల పన్నా అయితే మీటరు తీసుకోండి, జేబులకీ తర్వాత మాసికలకీ మిగులుతుంది. విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత, దాని చుట్టుపక్కల వీధులు హోలుసేలు గుడ్డల బజారు. అక్కడ తానులు అమ్ముతారు, మనలాంటి వాళ్ళకి కావలసింది మాత్రం కట్‌పీసులు.

ఇక్కడ ఒక చరిత్ర ముక్క చెప్పనివ్వండి, సోషల్ మాస్టారు ఒప్పుకున్నారు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో ఇదే విజయవాడలో (అప్పుడు బెజవాడ) అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. దేశంలో 20 లక్షల రాట్నాలు తిరగాలని అక్కడ తీర్మానించారు. గాంధీగారికి పింగళి వెంకయ్యగారు జెండా నమూనా ఇచ్చింది కూడా అప్పుడే. వెంకయ్యగారిది కృష్ణా జిల్లా భట్లపెనుమర్రు, పత్తి మీద పరిశోధన చేసి 'పత్తి వెంకయ్య' అనిపించుకున్నారు. యంత్రాలంటే గిట్టని గాంధీగారు 1924లో ఒక సంభాషణలో సింగర్ కుట్టుమిషనుని మాత్రం మినహాయించారు. అది పనికొచ్చే యంత్రం అన్నారు. ఆయన కూడా ఎవరన్నా చేత్తో కుట్టేటప్పుడు పక్కన కూర్చుని చూసి ఉంటారని నా అనుమానం.

మిషను కథ కూడా బట్టలతో ముడిపడిందే. ఫ్రాన్సులో తిమోనియే అనే టైలరు 1830లో కుట్టుమిషనుకి పేటెంటు తీసుకుని సిపాయిల యూనిఫారాలు కుట్టడం మొదలుపెట్టాడు. మా కూడు పోతుందని మిగతా టైలర్లు 1831లో వచ్చి మిషన్లు విరగ్గొట్టారు. అమెరికాలో 1846లో ఎలియాస్ హోవె, 1851లో ఐజాక్ సింగర్ పేటెంట్లు తీసుకున్నారు. చేతిసూదికి బెజ్జం వెనక ఉంటుంది, మిషను సూదికి మొన దగ్గర ఉంటుంది, గమనించారా? పై దారం బెజ్జంతో పాటు గుడ్డ కిందికి దిగి మెలికలాగా నిలబడుతుంది. ఆ మెలికలోకి బాబిన్ దారం వెళ్ళి పడుతుంది. రెండు దారాలు గుడ్డ మధ్యలో ముడిపడతాయి. కింద వైపు దారం ఉంగరాలుగా కనపడితే పై దారం వదులుగా ఉన్నట్టు.

మిషను లేనివాళ్ళు దిగులు పడొద్దు. సూదిని ఒక అడుగు ముందుకి, అర అడుగు వెనక్కి వేస్తూ కుట్టే కుట్టు ఉంది. చీమ నడిచినట్టు దగ్గర దగ్గరగా వేస్తే మిషను కుట్టుకి తీసిపోదు. ఉత్తగా ముందుకి పోయే పోగు కుట్టు మాత్రం లాగుకి పనికిరాదు, ఒకచోట తెగితే మొత్తం ఊడి వస్తుంది.

కుట్టే వరస ఇది. ముందు జేబులు పెట్టండి, లాగు గుండ్రంగా అయ్యాక జేబు కుట్టాలంటే ఏడుపొస్తుంది. తర్వాత ముందు ముక్కనీ వెనక ముక్కనీ పక్కన కలపాలి. ఆ తర్వాత కాళ్ళ లోపలి వైపు కుట్టాలి. ఇప్పుడు రెండు గొట్టాలు వచ్చాయి. ఒక గొట్టాన్ని మంచివైపు బయటికి తిప్పి రెండోదాని లోపల పెట్టండి, మంచివైపులు రెండూ ఒకదానికొకటి ఆనాలి. ముందు నడుం దగ్గర మొదలుపెట్టి పంగ మీదుగా వెనక నడుం దాకా ఆపకుండా ఒకే కుట్టు. దాని పక్కనే నూలుపోగంత దూరంలో ఇంకొక కుట్టు. ఈ చోట రెండు కుట్లు లేకపోతే నేను కుట్టాననే చెప్పను. తర్వాత వంపు దగ్గర కత్తెర మొనతో చిన్న చిన్న గాట్లు పెట్టాలి, కుట్టు తెగకుండా.

నడుం మడిచి ఎలాస్టిక్ ఎక్కించాలి. నడుం కొలత కంటే రెండు మూడు అంగుళాలు తక్కువ పొడవు చాలు. బిగుతుగా పెడితే పొట్ట మీద చార పడి దురద పెడుతుంది. ఎలాస్టిక్ సాగిపోయిన రోజు బొందు ఎక్కించుకోవచ్చు కాబట్టి మడతలో చిన్న సందు వదిలెయ్యండి. బొందు కూడా దొరక్కపోతే మనకి మొలతాడు ఉండనే ఉంది. గుండీ ఊడిన లాగుని మొలతాడులో దోపుకుని బడికి వచ్చినవాళ్ళు ఈ హాస్టల్లో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు, పేర్లు రాయను.

చివర అంచు. కొన్న లాగుల్లో అంచు మడత వేలెడంత కూడా ఉండదు. మనం రెండున్నర అంగుళాలు లోపలికి మడిచి కుడదాం. పిల్లాడు పెరిగే కొద్దీ విప్పి దించొచ్చు. దించినప్పుడు పాత మడత గీత తెల్లగా కనపడుతుంది, దాని మీద ఒక రంగు దారం కుట్టేస్తే డిజైను అనుకుంటారు. కాలు చుట్టూ వదులు ఎక్కువ ఉంచమని దివిసీమ నేస్తం చెప్పింది. వాళ్ళ యానాది వాడలో పిల్లలు నాన్నలతో పీతలకి బురదలో దిగేటప్పుడు లాగు తొడ పైదాకా చుట్టుకోవాలంట. వాళ్ళ ఇంట్లో ఎవరూ బిగుతు లాగు కొనరంట. ఈ మాట నాకు తట్టనే లేదు, కొండ మీద ఇంట్లో ఉండేదాన్ని కదా.

చొక్కా గురించి రాయాలంటే ఇంకొక చార్టు కావాలి. కాలరు, కాజాలు మొదటే పెట్టుకోవద్దు, జుబ్బా కుట్టి చంక వంపు నేర్చుకోండి, చాలు.

తమ్ముడి రెండో లాగు మూడు రాత్రులు పట్టింది. వెనక ముక్కు నిజంగానే మూడంగుళాలు పెట్టాను. కుట్టడం అయ్యాక వాణ్ణి నిలబెట్టి చూడలేదు. గొంతుక్కూర్చోమన్నాను, మెట్లు రెండేసి ఎక్కమన్నాను, గోడ మీద నుంచి దూకమన్నాను. మూడోసారి దూకినవాడు అట్నుంచి అటే ఆటకి పోయాడు, చీకటి పడ్డాక వచ్చాడు. ఆ లాగు అంచు ఇప్పటికి రెండుసార్లు దించాం. ఇంకొక అర అంగుళం మిగిలి ఉంది.

నేర్చుకోవాలనుకునేవాళ్ళు ఆదివారం టిఫిను తర్వాత వరండాలోకి రండి. సూది, దారం నా దగ్గర ఉన్నాయి, న్యూస్‌పేపర్లు మీరు తెచ్చుకోండి. మగపిల్లలు కూడా రావచ్చు. మా టైలరు బాబాయి మగాడే కదా.