గడ్డకట్టే చలిలో కార్ప్ పోటీ: అపోహలు – వాస్తవాలు

ఇంగ్లండ్‌లో చలికాలం వారాంతాల్లో చెరువు గట్ల మీద జట్ల పోటీలు ఆగవు. పట్టేది కార్ప్‌ను. మన చేపల చెరువుల్లో పెరిగే బంగారు తీగ కూడా ఈ చేపే. వేళ్లు కొంకర్లు పోతుంటే, ఒక్కోసారి నీటి మీద కట్టిన మంచు పలకను పగలగొట్టి మరీ గాలం వేస్తారు. చూసేవాళ్లకు ఇది మొండివాళ్ల ఆటలా కనిపిస్తుంది. నిజానికి గెలిపించేది మొండితనం కాదు. చేప ఒంటి తీరు, పాయింట్ల లెక్క తెలిసినవాళ్లే గెలుస్తారు. ఈ రెండింటి గురించీ, చలిని తట్టుకోవడం గురించీ గట్టు మీదే, అనుభవం ఉన్నవాళ్ల నోటనే, తప్పుడు మాటలు వినిపిస్తుంటాయి.

అపోహ: చలికాలంలో కార్ప్ నిద్రలోకి పోతుంది, ఎర ముట్టదు.

కార్ప్ ఒంటి వేడి నీటి వేడిని బట్టి మారుతుంది. నీరు 10 డిగ్రీల కంటే చల్లబడితే దాని అరుగుదల మందగిస్తుంది, తిరుగుడు తగ్గుతుంది. చేపలు గుంపుగా ఒకచోట చేరి గంటల తరబడి అక్కడే ఉండిపోతాయి. అయినా తిండి పూర్తిగా మానవు. కాసేపు, కొంచెం, అదీ నోటి ముందుకు వస్తేనే తింటాయి. ఎఫ్‌వన్ అనే సంకర కార్ప్‌ను పోటీల చెరువుల్లో విరివిగా వదలడానికి ఒక కారణం, అది చలిలోనూ మేత అందుకోవడమే.

మారేది కాటు. వేసవిలో కర్రనే లాక్కుపోయే చేప, జనవరిలో కర్ర కొసను ఒక సెంటీమీటరు వంచి వదిలేస్తుంది. బెండు మునగదు. కాస్త కిందికి దిగి అక్కడే ఆగుతుంది. అది గాలికి కదిలిందనుకున్నవాడు సాయంత్రం దాకా చేపలు తినడం లేదనే చెబుతుంటాడు. కర్ర రింగుల్లో మంచు పేరుకుంటే తీగ బిగుసుకుని ఆ చిన్న కదలిక కూడా కనిపించదు. అందుకే చేయితిరిగినవాళ్లు కర్ర కొసను నీళ్లలో ముంచి ఆ మంచును కరిగిస్తుంటారు.

అపోహ: చలి పెరిగితే చేపలన్నీ లోతుకే పోతాయి.

ఇందులో సగం నిజముంది. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నింటికంటే బరువుగా ఉంటుంది కాబట్టి, పైన మంచు కట్టినా లోతైన చెరువు అడుగున పైనున్నదానికంటే వెచ్చని నీరు మిగులుతుంది. అయితే పోటీల చెరువులు చాలావరకు లోతు తక్కువవి. గాలికి నీరంతా కలిసిపోతే అడుగుకూ పైకీ తేడా ఉండదు. అప్పుడు చూడాల్సింది ఎండను, గాలిని. ఇంగ్లండ్‌లో చలికాలపు సూర్యుడు దక్షిణాన బాగా కిందికి ఉంటాడు. ఆ ఎండ ఉత్తరపు గట్టుకే ఎక్కువ తగులుతుంది. వరసగా రెండు మూడు రోజులు ఎండ కాస్తే అక్కడి రెల్లు పక్కన మోకాలి లోతు నీళ్లలోనూ చేపలు చేరతాయి. వేసవిలో గాలి కొట్టే గట్టుకు వెళ్లమంటారు. జనవరిలో ఉత్తరం నుంచో తూర్పు నుంచో వీచే గాలి నీటిని ఇంకా చల్లబరుస్తుంది కనుక, గాలికి వీపు పెట్టి కూర్చునే గట్టే మేలు.

పోటీలో మన చోటు డ్రాలో తేలుతుంది, ఎంచుకునే వీలు ఉండదు. అందుకని ఒకేచోట పట్టుబట్టి కూర్చోకుండా, మన హద్దులోనే ఎరను దగ్గరా దూరం మార్చుకుంటూ గుంపు ఎక్కడుందో వెతకాలి.

అపోహ: ఎక్కువ మేత చల్లితేనే చేపలు వస్తాయి.

చలికాలంలో జరిగే అతి పెద్ద నష్టం దీనివల్లే. కార్ప్‌కు జీర్ణాశయం ఉండదు, తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. చలిలో ఆ పేగు ఖాళీ కావడానికి చాలా సమయం పడుతుంది. నాలుగు మేత గుళికలతో కడుపు నిండిన చేప మన ఎరవైపు చూడదు. చల్లిన మేతను వెనక్కి తీసుకునే దారీ లేదు.

కొల్లేరు చుట్టుపక్కల చేపల రైతుకు ఇది కొత్త విషయం కాదు. చలి ముదిరితే మేత తగ్గిస్తాడు. కర్రకు కట్టిన సంచిలో తవుడు మిగిలితే చేప తినలేదని తెలుసుకుంటాడు. గాలం వేసేవాడికి ఆ సంచి కనిపించదు. అందుకే నాలుగైదు ఈగ పురుగులు విసిరి ఆగుతాడు. లేదంటే మేతే చల్లకుండా ఒక్క మొక్కజొన్న గింజతో మొదలుపెడతాడు. తెల్ల బ్రెడ్డు ముక్కలో పంచ్‌తో గుండ్రటి బిళ్ల కోసి, అదిమి గాలానికి గుచ్చడం చలికాలపు పద్ధతుల్లో నాకు అన్నింటికంటే నచ్చినది. నాచు తగ్గి తేరుకున్న నీటిలో ఆ తెల్లటి బిళ్ల దూరానికే కనిపిస్తుంది, నీరు తాగి ఉబ్బుతుంది, చేప కడుపు నింపదు. అదే తేట నీటిలో ముతక తీగ కూడా కనిపించిపోతుంది కాబట్టి తీగా గాలమూ సన్నగా ఉండాలి.

అపోహ: ఒకడు భారీ బరువు పడితే జట్టు గెలుస్తుంది.

జట్ల పోటీల్లో చాలావాటికి బరువులు కూడరు, స్థానాలు కూడతారు. ఉదాహరణకు జట్టుకు ఐదుగురు, ఒక్కొక్కరూ గట్టులో ఒక్కో భాగంలో, అంటే సెక్షన్‌లో, సెక్షన్‌కు పదిమంది అనుకుందాం. మొదటివాడికి 10 పాయింట్లు, చివరివాడికి 1. రెండో స్థానంలో ఉన్నవాడికంటే 100 గ్రాములు ఎక్కువ తూగినా 10 పాయింట్లే, 30 కిలోలు ఎక్కువ తూగినా 10 పాయింట్లే. ఇద్దరు సెక్షన్లు గెలిచి ముగ్గురు అట్టడుగున మిగిలిన జట్టుకు 23 వస్తాయి. ఒక్కరూ గెలవకుండా ఐదుగురూ ఐదో స్థానంలో నిలిచిన జట్టుకు 30.

వేసవిలో అందరికీ చేపలు పడతాయి కాబట్టి ఈ లెక్క అంతగా బయటపడదు. చలిలో ఖాళీ చేతులతో లేచేవాళ్లు ఎక్కువ. సెక్షన్‌లో నలుగురికి ఏమీ పడకపోతే, ఒక్క కార్ప్ పట్టినవాడు వాళ్లందరినీ ఒక్క దెబ్బతో దాటేస్తాడు. కాబట్టి తెలివైన జట్టు ముందు మనిషికో చేప చూసుకుంటుంది, పెద్ద బరువు ఆలోచన ఆ తర్వాతే. చివరి గంటలో మంచి చేప కోసం అంతా పణంగా పెట్టేవాడి ధైర్యాన్ని గట్టు మెచ్చుకోవచ్చు, కానీ ఆ తప్పుకు మూల్యం చెల్లించేది మిగతా నలుగురు. ఒంటరి పోటీకీ జట్టు పోటీకీ ఉన్న అసలు తేడా ఇదేనని నా నమ్మకం.

అపోహ: ఒక గుక్క మందు వేస్తే ఒళ్లు వెచ్చబడుతుంది.

వెచ్చగా అనిపిస్తుంది, అంతే. మద్యం చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, లోపలి వేడి బయటికి పోతుంది. బిగుతు బూట్లలో రెండు జతల మేజోళ్లు ఇరికించినా మేలు లేదు. నెత్తురు ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. రాత్రిళ్లు గట్టు మీదే ఉండే పోటీల్లో అసలు ప్రమాదం వేరే ఉంది. మూసిన గుడారంలో స్టవ్వు వెలిగించినా, ఆరిపోతున్న బొగ్గులు లోపలికి తెచ్చినా కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

అపోహ: చలిలో చేపకు ఏమీ కాదు, ఫొటోలకు తొందరేం లేదు.

చల్లని నీటిలో ప్రాణవాయువు ఎక్కువ, చేపకు కావాల్సింది తక్కువ. ఆ మేరకు నిజమే. కానీ గాలి సున్నా కంటే కిందికి పోయినప్పుడు తడి మొప్పల సన్నని రేకులు, కళ్లు గడ్డకట్టి దెబ్బతింటాయి. మంచు పట్టిన గడ్డి మీద పెడితే ఒంటిమీది జిగురు పొర ఊడిపోతుంది. గాలం తీసే పరుపు మీద ముందే చెరువు నీళ్లు పోసి ఉంచాలి. తూకం సంచి తడిపి, దాని బరువు ముందే తీసేసి, త్రాసు సిద్ధంగా పెట్టుకున్నాకే చేపను నీటిలోంచి ఎత్తాలి. తూకం రాసుకున్న వెంటనే వదిలేయాలి.