తిరుగు చార్జీ విడిగా ముడివేసుకోండి

పరీక్షలు అయిపోయినప్పుడో, పంట డబ్బు చేతికి వచ్చినప్పుడో మన పల్లెల యౌవనస్థులు నలుగురు కలిసి, వీపున సంచి తగిలించుకొని ఊళ్లు చూడటానికి వెళ్తున్నారు. ఇది మంచిదే. అయితే డబ్బు కొద్దిగా ఉన్నవారు ప్రతి రూపాయికీ, ప్రతి గంటకూ ముందే లెక్క కట్టేస్తారు. ఒక్క బండి తప్పితే ఆ లెక్కంతా కూలిపోతుంది. అందుకే పేదవాడి ప్రయాణానికి తిరుగు చార్జీ, ఒక ఖాళీ రోజు తప్పకుండా ఉండాలి. అవి డబ్బున్నవారి సౌఖ్యాలు కావు.

అరకు దారినే చూడండి

గోదావరి జిల్లాల పిల్లలు చాలామంది మొదట కోరుకొనేది అరకు. విశాఖపట్నం నుండి ఉదయం బయలుదేరే కిరండూల్ ప్యాసింజరు కొండలెక్కి, సొరంగాలు దాటి, బొర్రా గుహల మీదుగా అరకు చేరుతుంది. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తేవడానికి 1960లలో వేసిన దారి ఇది. 2017లో ఈ బండికి అద్దాల కప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె జోడించారు. కానీ తక్కువ చార్జీతో మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నవారికీ అవే లోయలు కనబడతాయి.

ఇదే దారిలో వానాకాలం కొండచరియలు విరిగి పట్టాల మీద పడుతుంటాయి. అప్పుడు బండ్లు రద్దవుతాయి, లేదా మధ్యలోనే నిలిచిపోతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు రైళ్లు, బస్సులు, విమానాలు అన్నీ ఆగిపోయాయి. అట్టి రోజున జేబులో నూరు రూపాయలే మిగిలినవాని పరిస్థితి ఏమిటి?

లెక్క ఎలా వేయాలి?

ఒక్కొక్కరి దగ్గర 2,000 రూపాయలు ఉన్నాయనుకుందాం. అందులో ఇంటికి తిరిగి రావడానికి 400 విడిగా కవరులో పెట్టాలి. అనుకోని రాత్రి బసకు, మందులకు మరో 300 పక్కన ఉంచాలి. మిగిలిన 1,300 మాత్రమే మన ప్రయాణపు డబ్బు. అది చాలకపోతే మూడు రోజుల యాత్రను రెండు రోజులు చేసుకోవాలి గాని, ఆ కవరు విప్పకూడదు. డబ్బంతా ఒక్కరి దగ్గరే ఉంచవద్దు. కొండల్లో ఫోను సిగ్నలు అందకపోవచ్చు గనుక ఫోనుతో చెల్లించవచ్చులే అనుకోక, కొంత నోట్ల రూపంలో తీసుకువెళ్లాలి.

రైల్వేవారే బండిని రద్దు చేస్తే పూర్తి చార్జీ తిరిగి ఇస్తారు. మనమే మానుకుంటే కోత పడుతుంది. బయలుదేరే సమయం దగ్గరపడేకొద్దీ ఆ కోత పెరుగుతుంది. ఖాయమైన తత్కాల్ టిక్కెట్టును మనం రద్దు చేసుకుంటే ఏమీ రాదు. కాబట్టి ప్రయాణం మార్చుకోవాలని తోచిన వెంటనే మార్చుకోవాలి. వాన పట్టిన రోజుల్లో ఇల్లు కదలకముందే 139కి ఫోను చేసి బండి నడుస్తున్నదో లేదో తెలుసుకోవాలి.

సంచి కూడా తేలికగా ఉండాలి. రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, దోమల మందు, అటుకులు, బెల్లం, వేయించిన శనగలు చాలు. మన్యంలో మలేరియా ఉన్నది గనుక దోమల మందు మరువరాదు. తిరిగి వచ్చాక జ్వరం తగిలితే ఎక్కడికి వెళ్లివచ్చారో డాక్టరుకు తప్పక చెప్పాలి.

దారి మారితే నష్టమేనా?

అరకు బండి రద్దయితే విశాఖలో దిగాలుగా కూర్చోనక్కరలేదు. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ నది బొర్రా గుహల గుండా ప్రవహించి భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. కొండపై నదిని చూడలేకపోయినవారు సిటీ బస్సెక్కి భీమిలి వెళ్లి, అదే నది సముద్రాన్ని చేరే చోటు చూడవచ్చు. పాతకాలపు డచ్చివారి సమాధులు కూడా అక్కడున్నాయి. అపొస్తలుడైన పౌలు బితునియకు వెళ్లాలని ప్రయత్నించి త్రోయకు వచ్చాడని మనకు తెలుసు. దారి మార్చుకోవడం ఓటమి కాదు.

ప్రాణం మీదికి వచ్చేది దారి మారినందువల్ల కాదు, మొండితనం వల్ల. “ఇంత ఖర్చుపెట్టి వచ్చాం, చూడకుండా ఎలా పోతాం?” అనే మాట చాలా ప్రమాదకరమైనది. ఆ మాటతోనే పొంగుతున్న గెడ్డలో కాలు పెడతారు, జలపాతం కింద జారే రాళ్లెక్కుతారు, చీకటిపడ్డాక ఘాట్ రోడ్డులో ముక్కూ మొహం తెలియనివారి బండెక్కుతారు. ఖర్చయిన డబ్బు ముందుకు వెళ్లినా రాదు, వెనక్కి తిరిగినా రాదు. వెనక్కి తిరిగితే ప్రాణమైనా దక్కుతుంది.

తల్లిదండ్రులారా, ఇందులో మన పాలు కూడా ఉన్నది. సగం దారిలో తిరిగి వచ్చిన కొడుకును “డబ్బు తగలేసి ఏమీ చూడకుండా వచ్చావా?” అని నలుగురిలో దెప్పితే, రెండోసారి వాడు గెడ్డ పొంగుతున్నా వెనక్కి తిరగడు. మన మాటకు భయపడి ముందుకే నడుస్తాడు. కాబట్టి పిల్లలు గడప దాటకముందే వారితో చెప్పండి: “అయ్యా, అమ్మా, పరిస్థితి బాగులేకపోతే వచ్చేయండి. ఎవరూ ఏమీ అనరు.” వారు అలాగే వచ్చిన రోజున వేడి నీళ్లు పెట్టి, అన్నం వడ్డించి, ఆ మాట నిలబెట్టుకోండి.