ఎర్రచందనం: చేవలోనే విలువ

మార్కాపురం: ఎర్రచందనం పేరు పత్రికలలో దొంగ రవాణా వార్తల ద్వారానే ఎక్కువగా వినవస్తున్నది. ఆ కలపకు అంతటి గిరాకీ ఎందుకు ఏర్పడినదో, పట్టా భూమిలో దానిని పెంచిన రైతు ఏమి తెలుసుకోవలసి ఉన్నదో ఈ వ్యాసం వివరిస్తున్నది.

ఈ వృక్షం సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. ఉమ్మడి చిత్తూరు, కడప, నెల్లూరు, కర్నూలు జిల్లాలతోపాటు పశ్చిమ ప్రకాశంలోని గిద్దలూరు అటవీ ప్రాంతం ఆ కొద్దిపాటి పరిధిలోనిది. మట్టి పలుచగా ఉండే రాతి వాలులు, ఎండ, అల్ప వర్షపాతం దీనికి అనుకూలం. అందువల్లనే ఎదుగుదల మిక్కిలి మందం.

పేరులో చందనమున్నప్పటికీ దీనికి సువాసన లేదు. శ్రీగంధం వేరొక కుటుంబానికి చెందినది. పట్టుబడిన ఎర్రచందనాన్ని "గంధపు దుంగలు" అని వ్రాయడం నేటికీ కనబడుతున్నది, అది సరికాదు. నల్లమలలో పెరిగే వేగి మాత్రం దీనికి దగ్గరి బంధువు. వేగి ఆకులో సాధారణంగా అయిదు నుండి ఏడు రేకులుండగా, ఎర్రచందనం ఆకులో మూడే ఉంటాయి. ముదిరిన బెరడు మొసలి చర్మం వలె పలకలుగా చీలి ఉంటుంది.

విలువంతా చేవలోనే ఉన్నది. మానులో వెలుపలి తెల్లచెక్కకు ధర లేదు. లోపలి చేవ ముదురు ఎరుపు. గాలి తగిలినకొద్దీ నలుపు తిరుగుతుంది. ఘనపు మీటరుకు సుమారు 1,100 కిలోల బరువుతో నీట మునుగుతుంది. చెదలు సులభంగా పట్టవు. పూర్వం పల్లెలలో ఇండ్ల స్తంభాలకు వాడినారు. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి ఎంత తేలికో, ఇది అంత బరువు; రంపం, చిత్రిక త్వరగా మొద్దుబారుతాయి. అయితే చెక్కిన వివరం చెదరదు, మెరుగు బాగా పడుతుంది. విగ్రహాలు, బొమ్మలు, చైనాలో రాజవంశీయుల గృహోపకరణాలు, జపానులో షామిసెన్ వాద్యపు మెడ దీనితో తయారైనవి ఇందువల్లనే. శాంటలిన్ అనే ఎరుపు రంగు పదార్థం కూడా చేవ నుండే లభిస్తుంది.

చేవ పట్టడానికి దశాబ్దాలు కావాలి. లేత మానును నరికితే చేతికి వచ్చేది చాలావరకు తెల్లచెక్కే. దళారి మాట విని తొందరపడిన రైతు నష్టపోయేది ఇక్కడే.

అంతర్జాతీయ వాణిజ్యంపై సైటీస్ ఒప్పందపు నియంత్రణ 1995 నుండి అమలులో ఉన్నది. పట్టా భూములలో పెంచిన కలప ఎగుమతికి వీలుగా కేంద్రం 2019లో విధానాన్ని సవరించినది. 2004 నుండి భారతదేశంపై కొనసాగిన ప్రత్యేక వాణిజ్య సమీక్షను సైటీస్ 2023 నవంబరులో ముగించినది. అడవిలోని చెట్టుకు ఈ సడలింపులు వర్తించవు. 2016 నాటి రాష్ట్ర అటవీ చట్ట సవరణ శిక్షలను మరింత కఠినం చేసినది. సొంత పొలంలోని చెట్టునైనా నరకడానికి ముందుగా అటవీ శాఖ అనుమతి, తరలించడానికి రవాణా పర్మిట్ తప్పనిసరి.